తొలి ముద్ద



ముందు ఒక చిన్న ప్రశ్న. నిన్న రాత్రి మీరు ఏం కూరతో అన్నం తిన్నారు?

పేరు చెప్పడం తేలికే. వంకాయ అంటారు. పప్పుచారు అంటారు. సరే. అందులో ఉప్పు సరిపోయిందా? అన్నం వేడిగా ఉందా, చల్లారిందా? మొదటి ముద్ద ఎట్లా ఉంది? ఇక్కడికొచ్చేసరికి చాలామంది ఆలోచనలో పడతారు. నన్నడిగినా అంతే. తిన్నది నోరు. మనసు అప్పుడు ఇంకెక్కడో తిరుగుతోంది.

ఎక్కడ తిరుగుతోంది? టీవీ సీరియల్లో తిరుగుతోంది. ఫోనులో తిరుగుతోంది. ట్రాక్టరు కిస్తీ దగ్గర తిరుగుతోంది. మిర్చి సీజనైతే ఖమ్మం మార్కెట్ యార్డులో తిరుగుతోంది. ఇవాళ వేలంలో జెండా పాట ఎంత పలికింది, రేపు పెరుగుతుందా, అమ్ముదామా, కోల్డ్ స్టోరేజీలో పెడదామా. ఈ లెక్కల్లో పడి పళ్ళెం ఖాళీ అవుతుంది. చెయ్యి కడుక్కుంటాం. ఏం తిన్నామో గుర్తుండదు.

ఇవాళ నేను మాట్లాడేది ఒకే ఒక్క ముద్ద గురించి. తొలి ముద్ద గురించి. అంతకు మించి ఏమీ లేదు. బతుకంతా నెమ్మదిగా గడపండి, ప్రతి నిమిషాన్నీ ఆస్వాదించండి అని నేను చెప్పను. ఆ మాటలు చెప్పడం తేలిక. మన దగ్గర చెల్లవు. ఎందుకు చెల్లవో కాస్త చెప్తాను.

తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే రోడ్డు మీద ఉంది మా ఏన్కూరు. ఒకపక్క సాగర్ కాలువ నీళ్ళతో పండే పొలాలు. కొత్తగూడెం వైపు పోయేకొద్దీ అడవి. పత్తి, మిర్చి, వరి, మొక్కజొన్న. సంక్రాంతి దాటిందంటే మిర్చి తోటల్లో మనుషులు దొరకరు. తేజ రకం కాయ చూడటానికి సన్నం. పండింది పండినట్టు ఏరుకోవాలి. ఆలస్యం చేస్తే రంగు దిగుతుంది. తాలు కింద తీసేస్తారు. తాలుకు వచ్చే ధర వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. చేల పక్కనే పట్టాలు కట్టుకుని ఉంటారు. చాలాచోట్ల కిలో లెక్కన కూలి. ఎంత ఏరితే అంత. అట్లాంటి మనిషి దగ్గరికి పోయి, "అమ్మా, కాస్త నెమ్మదించు, ఈ క్షణాన్ని ఆస్వాదించు" అని చెప్పగలమా? ఆమె ఏమంటుంది? "నువ్వొచ్చి నాలుగు కిలోలు ఏరిపెట్టు, అప్పుడు నెమ్మదిస్తా" అంటుంది. అనాలి కూడా.

నెమ్మదించండి అని బోధించేవాళ్ళకు ఎక్కువగా తీరిక ఉంటుంది. వినేవాళ్ళకు ఉండదు. అందుకే నేను తీరిక అడగను. పని తగ్గించుకోమని అడగను. ఒక్క ముద్ద అడుగుతాను. అర నిమిషం పడుతుంది. కిలో లెక్క కూలీకి కూడా మధ్యాహ్నం సద్ది తినే టైము ఒకటుంటుంది కదా. అందులో అర నిమిషం.

ఈ ఆలోచన నా సొంతం కాదు. మన అడవి అంచున ఎప్పటినుంచో ఉన్నదే.

కోయగూడేల్లో కొత్తలు చేస్తారు. తెలిసినవాళ్ళకు మళ్ళీ చెప్పే పని లేదు. తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మామిడి కాస్తుంది. చెట్టు నిండా కాయలు వేలాడుతుంటాయి. అయినా పండుగ చేయకముందు ఆచారం పట్టించుకునే ఇళ్ళల్లో కాయ నోట పెట్టరు. చిక్కుడుకాయ వచ్చినా అంతే. కొత్త ధాన్యం ఇంటికి చేరినా అంతే. ఊరంతా ఒకరోజు అనుకుంటారు. ఊరి దేవతకు పెడతారు. పోయిన పెద్దలకు పెడతారు. ఆ తర్వాతే మనుషులు తినాలి. గూడేనికీ గూడేనికీ పద్ధతిలో కొంత తేడా ఉంటుంది. అసలు సంగతి మాత్రం ఒకటే. పంట కొత్తగా వచ్చినప్పుడు మొదటి రుచి చూడటానికి అందరూ ఆగుతారు.

గోదావరి పక్కన పాపికొండల్లో కొండరెడ్లకూ ఇట్లాంటి తొలిపంట ఆచారాలున్నాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940ల మొదట్లో వాళ్ళ మధ్య ఉండి అధ్యయనం చేశారు. 1945లో కొండరెడ్ల మీద పుస్తకం తెచ్చారు. ఎనభై ఏళ్ళ కిందటి మాట. అప్పటికే ఈ ఆచారాలు పాతవి.

ఇప్పుడు ఒకసారి ఊహించండి. పిల్లవాడు మామిడిచెట్టు కింద ఉన్నాడు. చేతికందే ఎత్తులో కాయ ఉంది. నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఇంకా పండుగ కాలేదు. రోజూ ఆ చెట్టు కిందనుంచే పోతున్నాడు. రోజూ చూస్తున్నాడు. కాయ నిన్నటికన్నా ఇవాళ కాస్త లావైంది. తొడిమ దగ్గర రంగు మారింది. చివరికి పండుగ రోజు వచ్చింది. ఆ కాయ ముక్కకు ఉప్పూ కారం అద్ది నోట్లో పెట్టారు. ఆ పిల్లవాడికి ఆ ముక్క ఎట్లా ఉంటుందో మీకు చెప్పాలా? నాలుక సర్రుమంటుంది. పళ్ళు జివ్వుమంటాయి. కళ్ళు మూసుకుపోతాయి. ఆ సమయంలో వాడి మనసు ఎక్కడికీ పోదు. పోలేదు.

ఎవరూ వాడికి ధ్యానం నేర్పలేదు. ఆగడం నేర్పారు. మిగతా పని నాలుకే చేసింది.

మైదానంలో ఉన్నవాళ్ళకు కూడా ఇది కొత్త కాదు. ఉగాది పచ్చడి సంగతేమిటి మరి? కొత్త చింతపండు, కొత్త బెల్లం, లేత మామిడి, వేపపువ్వు. ఆ రోజు పొద్దున మొదట నోట్లో పడాల్సింది అదే. ఆ చెంచాడు పచ్చడి ఎవరూ పరధ్యానంగా తినరు. వేపపువ్వు తగిలిన చోట ముఖం దానంతటదే ముడుచుకుంటుంది. పక్కవాళ్ళ ముఖం చూసి నవ్వుతాం. ఏడాదికి ఒక్కరోజు ఆ పని బ్రహ్మాండంగా చేస్తాం. మిగతా రోజులు మర్చిపోతాం.

ఆగడానికి అడవిలో ఇంకో ఉదాహరణ ఉంది. ఇప్పపువ్వు. ఎండాకాలం మొదట్లో రాలుతుంది. తెల్లవారుజామున, ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందు, చెట్టు కింద చేరతారు. లేత పసుపు రంగు పూలు. కండగా ఉంటాయి. వేళ్ళకు జిగురు అంటుతుంది. చెట్టెక్కి కోసే పని లేదు. కొమ్మ ఊపి దులిపే పని లేదు. అది రాలాలి, మనం ఏరుకోవాలి. ఎంత తొందరున్నా చెట్టు తన టైముకే రాలుస్తుంది. నాకు అడవి పనుల్లో ఇది చాలా నచ్చుతుంది. తునికాకు అట్లా కాదు. అది యాభై ఆకుల కట్ట. లెక్క, కల్లం, వేగం. ఒకే అడవి. ఒకే చేతులు. రెండు రకాల కాలం.

సరే, మళ్ళీ ముద్ద దగ్గరికి వద్దాం.

అమెరికాలో 1979లో ఒక వైద్య కళాశాలలో కొత్త రకం క్లినిక్ మొదలైంది. మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్. మొదలుపెట్టినాయన పేరు జాన్ కబాట్ జిన్. ఒత్తిడితో, తగ్గని నొప్పులతో బాధపడేవాళ్ళకు అక్కడ ఎనిమిది వారాల శిక్షణ. ఆ శిక్షణలో బాగా పేరుపొందిన పాఠం ఏమిటో తెలుసా? ఎండుద్రాక్ష తినడం. అవును, ఒక్క ఎండుద్రాక్ష. అరచేతిలో పెట్టుకోవాలి. ముడతలు చూడాలి. వాసన చూడాలి. నాలుక మీద పెట్టుకుని కాసేపు కొరకకుండా ఉండాలి. తర్వాత మెల్లగా నమలాలి. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు ఫీజు కట్టి ఈ పాఠం నేర్చుకుంటారు. మనకు నవ్వొస్తుంది. కానీ దాని అవసరం ఉండబట్టే అది ప్రపంచమంతా పాకింది.

ఆ పద్ధతికి మూలం బౌద్ధ ధ్యానం. మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పాత బౌద్ధ స్తూపం ఇప్పటికీ ఉంది. అంటే ఆ ఎండుద్రాక్ష మనకు మరీ దూరపు చుట్టమేం కాదు.

ఇంకో సంగతి చెప్తాను. 2010లో హార్వర్డ్ యూనివర్సిటీకి చెందిన ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ వాళ్ళ పేర్లు. 2,250 మంది పెద్దవాళ్ళను ఫోను ద్వారా రోజులో ఎప్పుడు పడితే అప్పుడు పలకరించారు. ఇప్పుడు ఏం చేస్తున్నారు? మీ మనసు ఆ పని మీదే ఉందా, ఇంకెక్కడైనా ఉందా? సంతోషంగా ఉన్నారా? ఇవీ ప్రశ్నలు. తేలిందేమిటంటే, దాదాపు 47 శాతం సార్లు మనసు చేసే పని మీద లేదు. అంటే ఇంచుమించు సగం. మనసు అటూ ఇటూ తిరిగేటప్పుడు మనిషికి సంతోషం తక్కువగా ఉంది. అది కూడా తేలింది. మరి మంచి విషయాల మీదికి పోతే? అప్పుడు కూడా, చేసే పనిలో ఉన్నప్పటికన్నా ఎక్కువ సంతోషం ఏమీ లేదట.

ఈ మాట మళ్ళీ చెప్తాను. మనసు మంచి చోటికే పోయినా సరే, పని మీద ఉన్నదానికన్నా ఎక్కువ దక్కేదేమీ లేదు.

ఇప్పుడు నాకు ఆ ఎండుద్రాక్షకూ మన మామిడి కొత్తలకూ ఒక తేడా కనిపిస్తుంది. ఎండుద్రాక్ష ఎవరికి వాళ్ళు తింటారు. గదిలో పదిమంది ఉన్నా, ఎవరి ద్రాక్ష వాళ్ళది. కొత్తల రోజు మామిడి ముక్క అట్లా కాదు. ఊరంతా ఆగింది కాబట్టి దానికి ఆ రుచి. ముసలామె ఆగింది. పిల్లవాడు ఆగాడు. చెట్టు ఎవరి పెరట్లో ఉందో వాళ్ళూ ఆగారు. ఒకరు ముందే తినేస్తే ఆ పండుగ లేదు. నా మాట అడిగితే, నేను మామిడి వైపే ఉంటాను.

ఎందుకో చెప్తాను. మన ఇళ్ళల్లో తొలి ముద్ద అందరిదీ ఒకేసారి పడదు. పిల్లలు ముందు. తర్వాత మగవాళ్ళు. వండిన ఆమె ఆఖరున. ఒక్కోసారి గిన్నెలో అడుగున మిగిలిన కూరతో, వంటింట్లో గోడకు ఆనుకుని, పళ్ళెం చేతిలో పట్టుకుని. ఆమెకు ప్రశాంతంగా తినమని ఏం చెప్తాం? అప్పటికే అన్నం చల్లారింది. గిన్నెలు తోమాలి. పొద్దున్నే లేవాలి. నాలుగు ముద్దలు గబగబా మింగి లేస్తుంది.

కాబట్టి నేను చెప్పే పద్ధతిలో మొదటి నియమం ఇదే. వండిన మనిషి వచ్చి కూర్చునేదాకా ఎవరూ తొలి ముద్ద పెట్టుకోవద్దు. గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకోండి. మంచినీళ్ళు ముందే తెచ్చుకోండి. ఎవరికి కావాల్సింది వాళ్ళు వడ్డించుకోండి. ఆమెను మధ్యలో లేపొద్దు. అందరూ కూర్చున్నాక, అందరూ ఒకేసారి తొలి ముద్ద కలుపుకోండి.

ఆ ఒక్క ముద్ద పూర్తిగా నమిలి మింగేదాకా ఫోను వద్దు. టీవీ ఆపేయండి, లేకపోతే దాని గొంతు నొక్కేయండి. మార్కెట్ ధర వద్దు. పిల్లల మార్కులు వద్దు. రేపటి పని వద్దు. ఒక్క ముద్దే కదా. తర్వాత మీ ఇష్టం. జెండా పాట గురించి మాట్లాడుకోండి, నేను అడ్డం రాను.

ఆ ముద్దలో ఏం చూడాలి? చాలా ఉంది. వేలికి అన్నం వేడి తగులుతుంది. ముందు అదే తెలుస్తుంది. నోటి దగ్గరికి రాగానే వాసన. పోపులో ఎల్లిపాయ ఉందా? గోంగూరా? నమలడం మొదలుపెట్టాక ఉప్పు, పులుపు, కారం ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. మామూలుగా మనం రెండుసార్లు నమిలి మింగేస్తాం. ఈ ఒక్కసారికి ఇంకాసేపు నమలండి. ఉత్త అన్నంతో చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. నమలగా నమలగా అన్నం తియ్యబడుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. ఉమ్మిలో ఉండే ఒక రసాయనం అన్నంలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. అది జరగడానికి కాస్త టైము కావాలి. మనం ఎప్పుడూ ఆ టైము ఇవ్వం. నలభై ఏళ్ళుగా అన్నం తింటూ, అన్నం తియ్యగా ఉంటుందని తెలియనివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.

ఒక్క ముద్దతో ఏమవుతుంది అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పొలానికి నీళ్ళు పెట్టేటప్పుడు మడవ దగ్గర ఏం చేస్తాం? రెండు పారల మట్టి తీస్తాం. అంతే. ఎకరమంతా పార పట్టుకుని నీళ్ళ వెంట పరుగెత్తం కదా. మడవ ఎటు తిప్పామో నీళ్ళు అటు పోతాయి. తొలి ముద్ద అట్లాంటిదే. దాన్ని నెమ్మదిగా తింటే రెండో ముద్ద దానంతటదే కాస్త నెమ్మదిస్తుంది. మూడోది ఇంకాస్త. కొన్నాళ్ళకు భోజనం పూర్తయ్యే టైము కొంచెం పెరుగుతుంది. కడుపు నిండిన కబురు మెదడుకు అందడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుందని వైద్యులు చెప్తుంటారు. ఐదు నిమిషాల్లో ముగించేవాళ్ళు ఆ కబురు అందకముందే ఎక్కువ తినేస్తారు. షుగర్ ఉన్నవాళ్ళు, బరువు తగ్గాలనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకుంటే మంచిది.

చంటిపిల్లల విషయం ఒకటి చెప్పాలి. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో పిల్లకు అన్నం పెట్టాలంటే ముందు ఫోను పెట్టాలి. బొమ్మలు ఆడుతుంటాయి. పిల్ల నోరు తెరుస్తుంది. ముద్ద లోపలికి పోతుంది. పప్పా, పెరుగా అన్నది పిల్లకు తెలియదు. అమ్మకు పని తొందరగా అవుతుంది, ఆమెను తప్పుపట్టలేం. ఆమెకు సాయం చేసే చెయ్యి పక్కన లేకపోతే ఏం చేస్తుంది? కానీ తొలి ముద్ద మాత్రం ఫోను లేకుండా పెట్టి చూడండి. "ఇదేంటో చెప్పు?" అని అడగండి. పుల్లగా ఉందా, చప్పగా ఉందా అని అడగండి. ఒక్క ముద్దే. ఏడ్చేలోగా అయిపోతుంది. ఆ తర్వాత ఫోను ఇచ్చినా నేనేం అనను.

మొదట్లో ఇంట్లో నవ్వుతారు. పెద్దపిల్లలు మరీ నవ్వుతారు. "రేడియోలో ఎవరో చెప్పారట" అని వెక్కిరిస్తారు. వెక్కిరించనివ్వండి. నవ్వుతూ తిన్నా ఫరవాలేదు. మరీ గంభీరంగా, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి తినే పని లేదు. అట్లా తింటే పొలమారుతుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. ఒక్కోరోజు కూర బాగుండదు. ఉప్పు ఎక్కువవుతుంది. అన్నం ముద్దవుతుంది. పరధ్యానంగా తిన్నన్నాళ్ళూ ఇవేవీ మనకు పట్టలేదు. ఇప్పుడు తెలుస్తాయి. తెలిసిందని వండిన మనిషి మీద ఎగిరితే ఈ పద్ధతి ఆ రోజే మూలపడుతుంది. ఉప్పెక్కువైన ముద్ద కూడా ముద్దే. నోరు మూసుకుని నమలండి. బాగున్నప్పుడు మాత్రం బాగుందని పైకి అనండి. మన మగవాళ్ళకు ఆ మాట నోటినుంచి రావడం కష్టం. తొలి ముద్ద తర్వాత కాస్త తేలికవుతుంది.

మరి ఒంటరిగా తినేవాళ్ళు? ఉన్నారు. కొత్తగూడెం బొగ్గు గనుల్లో షిఫ్టులు చేసేవాళ్ళున్నారు. రాత్రి లారీ నడిపేవాళ్ళున్నారు. హైదరాబాద్ హాస్టళ్ళలో మన పిల్లలున్నారు. పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడి, ఆలుమగల్లో ఒకరు పోయి, ఒక్కరే మిగిలిన ముసలివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఎదురుచూడటానికి ఎవరూ లేరు. వాళ్ళు కోయల ఇంకో పద్ధతి తీసుకోవచ్చు. పోయిన పెద్దలకు పెట్టి తినడం. ఆకులో చిటికెడు తీసి పక్కన పెట్టండి. ఎవరి పేరు తలుచుకుంటారో మీ ఇష్టం. దేవుణ్ణి నమ్మనివాళ్ళు అన్నం వండిన చేతిని తలుచుకోండి, పండించిన చేతిని తలుచుకోండి. మిర్చి ఏరిన ఆ చేతిని తలుచుకోండి. తేజ కారం వేళ్ళ సందుల్లోకి దిగితే రెండు రోజులు మంట పోదు. ఆ చేత్తోనే ఆమె మధ్యాహ్నం సద్ది తింటుంది.

ఇవాళ రాత్రికి మీ ఇంట్లో ఏం కూరో నాకు తెలియదు. కూర్చునేముందు వండిన ఆమెను పిలవండి. వస్తున్నా, మీరు కానియ్యండి అంటుంది. అట్లాగే అంటుంది. వినకండి. ఇంకోసారి పిలవండి.